లూయిస్‌విల్ టౌన్‌హౌస్: నాలుగేళ్ల కాపురం, మూడేళ్ల అద్దె

2019 మే నెలలో డాలస్ దగ్గరి ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో ఒక టౌన్‌హౌస్ వంటగది చూడగానే, ఇల్లు కొనడానికి నాతో వచ్చిన దంపతుల్లో భార్య ముఖం వెలిగిపోయింది. తెల్లటి క్వార్ట్జ్ గట్టు, గ్యాస్ పొయ్యి, పొగను నిజంగానే గోడ బయటికి తోసే చిమ్నీ. ఇక్కడి చాలా ఇళ్లలో పొయ్యి పైనున్న మైక్రోవేవ్ పొగను పీల్చి మళ్లీ మన ముఖం మీదికే వదులుతుంది. పోపు పెట్టే ఇంటికి ఆ తేడా ఎంతో పెట్టేవారికే తెలుసు. "అన్నయ్యగారూ, ఇక వేరే ఇల్లు చూపించకండి" అన్నారు. ఆ సాయంత్రమే ఆఫర్ రాశాం.

టెక్సస్ ఒప్పందంలో ఒక వెసులుబాటు ఉంది. అమ్మేవారికి చిన్న మొత్తం ఆప్షన్ ఫీజుగా కడితే, ఒప్పుకున్న రోజుల్లోగా కారణం చెప్పకుండానే వెనక్కి తగ్గవచ్చు. మేము 200 డాలర్లకు ఏడు రోజులు తీసుకున్నాం. మూడో రోజు రాత్రి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, కాగితాలు వచ్చాయి. 84 పేజీలు. కంచె రంగు, చెత్తడబ్బా ఎక్కడ పెట్టాలి, కుక్క ఎన్ని పౌండ్లు ఉండవచ్చు... ఎవరికైనా నిద్ర వచ్చే సరుకే. 61వ పేజీలో నిద్ర వదిలింది. సంఘంలో అద్దెకిచ్చే ఇళ్లు 15 శాతం మించరాదని రెండో సవరణ. మర్నాడు మేనేజ్‌మెంట్ కంపెనీకి ఫోను చేస్తే, ఆ 15 శాతం ఎప్పుడో నిండిందని, నిరీక్షణ జాబితాలో పదకొండు మంది ఉన్నారని చెప్పారు.

ఈ దంపతుల ఆలోచనంతా నాలుగైదేళ్లు ఉండి, తర్వాత పెద్ద ఇంటికి మారి, దీన్ని అద్దెకివ్వడమే. అయిదో రోజున వెనక్కి తగ్గాం. ఆప్షన్ ఫీజు 200, ఇన్‌స్పెక్షన్‌కు కట్టిన 450 డాలర్లు పోయాయి. ఆ వంటగది కోసం ఆమె రెండు వారాలపాటు నాతో ముక్తసరిగానే మాట్లాడారు.

నేను డాలస్ ఉత్తర శివార్లలో ఇళ్ల ఏజెంటును. ఇది వారి అనుమతితో రాస్తున్న కేసు. గుర్తుపట్టే వివరాలు మార్చాను, అంకెలు కాస్త గుండ్రం చేశాను, లెక్క మాత్రం అదే. మొదటి ఇల్లు కొని తర్వాత అద్దెకిద్దామని వచ్చేవారు దాదాపు అందరూ ఇల్లు చూసి ప్రేమలో పడతారు, అద్దె సంగతి తర్వాత చూద్దామంటారు. ఆ 'తర్వాత' కొన్న రోజునే నిర్ణయమైపోయి ఉంటుందని చూపడానికి నా ఫైళ్లలో ఇంతకన్నా మంచి కేసు లేదు.

ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఇద్దరిదీ హెచ్‌-1బీ. అపార్ట్‌మెంట్ అద్దె 1,650 డాలర్లు, చేతిలో 52,000 డాలర్ల పొదుపు. విజయవాడలో ఉన్న అబ్బాయి నాన్నగారు "వీసా మీద ఉన్నవాళ్లకు అక్కడ ఇల్లెందుకురా, ఇక్కడ స్థలం కొనండి" అన్నారట. ఆయన భయంలో పస లేకపోలేదు. ఉద్యోగం పోతే హెచ్‌-1బీ వారికి సాధారణంగా మిగిలేది అరవై రోజులు. అందుకే పొదుపంతా డౌన్ పేమెంటులో పొయ్యవద్దని మొదటి రోజే చెప్పాను. 20 శాతం కట్టకపోతే పీఎంఐ అనే రుణ బీమా పడుతుంది. పడనివ్వండి, చేతిలో నగదు ఉండాలి అన్నాను.

ఇంకో సలహా వారి బంధువుల నుంచి వచ్చింది: సొంతానికి అని చెప్పి తక్కువ వడ్డీకి రుణం తీసుకుని, మొదటి నెల నుంచే అద్దెకివ్వమని. ఇది తెలివి కాదు, బ్యాంకుకు అబద్ధం చెప్పడం. సొంత నివాసం పేరుతో తీసుకున్న మామూలు రుణ పత్రంలో అరవై రోజుల్లో ఇంట్లో చేరాలని, కనీసం ఏడాది ఉండాలని రాసి ఉంటుంది. తప్పుడు మాట మీద సంతకం పెడితే అది ఫెడరల్ నేరం. వీసా మీద ఉన్నవారు ఆ దరిదాపులకు కూడా పోకూడదు.

జూన్‌లో లూయిస్‌విల్‌లో, డెంటన్ కౌంటీ వైపు, రెండో ఇల్లు దొరికింది. 2007లో కట్టినది, 1,750 చదరపు అడుగులు, ధర 2,85,000. వంటగది మామూలుదే. ఈసారి ఇల్లు చూడకముందే కాగితాలు తెప్పించాను. అద్దెలపై శాతం పరిమితి లేదు. ఏ లీజూ పన్నెండు నెలలకు తగ్గకూడదని ఒక్కటే షరతు. ఆ షరతు ఆరేళ్ల తర్వాత ఎలా కాలికి చుట్టుకుంటుందో అప్పుడు నాకూ తట్టలేదు.

ఈ ఇంటిలో నాకు నచ్చినది కింది అంతస్తులోని పడకగది, దానికి ఆనుకున్న పూర్తి స్నానాల గది. టౌన్‌హౌస్‌లలో పడకగదులు చాలావరకు పైనే ఉంటాయి. అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చినప్పుడు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే దృశ్యం మన ఇళ్లలో కొత్త కాదు. కింద గది ఉన్న టౌన్‌హౌస్ అద్దెకు పెడితే ఖాళీగా ఉండదు. రెండు కార్ల గరాజ్, అతిథుల కార్లకు ఎదురుగానే చోటు. ఇవి ఫొటోల్లో మెరవవు, అద్దెదారును మాత్రం మూడేళ్లు నిలబెడతాయి.

ఇన్‌స్పెక్షన్ రోజున రెండు విషయాలు బయటపడ్డాయి. మెట్ల కింది గది తలుపు గొళ్లెం పడలేదు. ఇన్‌స్పెక్టర్ బయటికి తీసుకెళ్లి పునాది పక్కన నేలను చూపించాడు. మట్టికీ కాంక్రీటు పలకకూ మధ్య వేలు దూరేంత సందు. డాలస్ చుట్టుపక్కల నల్లరేగడి లాంటి బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, పైనున్న పలక దానితోపాటు కదులుతుంది. ఇక్కడి జనం వేసవిలో మొక్కలకు పెట్టినట్టు ఇంటి పునాదికి నీళ్లు పెడతారంటే ఊళ్లో నవ్వుతారు. కానీ నీళ్లు కారే రబ్బరు గొట్టం పునాది చుట్టూ పరిచి, రోజూ కాసేపు వదలడం ఇక్కడ ఇంటి పనుల్లో ఒకటి. ఇంజినీరును పిలిపించి కొలతలు వేయించాం. వాలు హద్దుల్లోనే ఉందని తేలింది. ఆ నివేదిక దాచమన్నాను, అమ్మేటప్పుడు పోల్చి చూపడానికి.

రెండోది ఏసీ. ఇంటితో పాటు పుట్టినదే, ఆర్‌-22 అనే చల్లబరిచే వాయువుతో నడిచేది. ఆ వాయువు తయారీ, దిగుమతి అమెరికాలో 2020 జనవరి 1తో ఆగిపోనున్నాయి. ఆ తర్వాత చిన్న లీకు వచ్చినా పాత నిల్వల నుంచి బంగారం ధరకు కొనాలి, లేదా మొత్తం మార్చాలి. అమ్మేవారు 1,500 డాలర్లు తగ్గించారు. ఆ సొమ్మును ఏసీ కోసం పక్కన పెట్టమన్నాను. అది సోఫాలకు పోయింది.

కొనుగోలు లెక్క ఇదీ: పది శాతం, అంటే 28,500 కట్టి, 2,56,500 రుణం ముప్పై ఏళ్లకు 4 శాతం స్థిర వడ్డీ మీద. అసలు, వడ్డీ కలిపి నెలకు 1,225, పీఎంఐ 90. రిజిస్ట్రేషన్ తదితర ఖర్చులు పోగా చేతిలో పదహారు వేలు మిగిలాయి. నేను కోరుకున్న ఆరు నెలల నిల్వ కాకపోయినా ఉద్యోగం పోయిన మర్నాడే వీధిన పడకుండా సరిపోయేది.

ఇప్పుడు నా పనితనానికి ఏ సంబంధమూ లేని భాగం. 2021 జనవరిలో ముప్పై ఏళ్ల రుణాల సగటు వడ్డీ 2.65 శాతానికి పడింది, మునుపెన్నడూ అంత తక్కువ లేదు. వీరు 2.875కు రీఫైనాన్స్ చేశారు, అంటే పాత రుణం తీర్చి కొత్తది తీసుకున్నారు. ఇంటి విలువ 3,15,000గా తేలడంతో రుణం విలువలో 80 శాతం లోపుకు దిగి, పీఎంఐ పోయింది. 1,315 కట్టే చోట 1,037. ఖర్చయిన 4,200 డాలర్లు పదిహేను నెలల్లో తిరిగి వచ్చాయి. ఒక హెచ్చరిక: కొత్త రుణం అంటే కొత్త సంతకం, నివాస షరతు మళ్లీ మొదటి నుంచి. ఆ వేసవిలోనే ఇల్లు మారాలనుకున్నవారు అది మరచిపోయి ఇబ్బంది పడ్డారు. వీరికి తొందర లేదు.

2023లో రెండో బిడ్డ పుట్టింది. ప్రాస్పర్ వైపు పెద్ద ఇల్లు చూసుకున్నారు, వడ్డీ 6.75. పాత ఇల్లు అమ్మి ఆ డబ్బు అందులో పెట్టాలా, ఉంచి అద్దెకివ్వాలా? మా వంటబల్ల దగ్గర కూర్చుని లెక్క వేశాం. అద్దె 2,450 వస్తుంది. ఆయన ఫోనులోనే 1,037 తీసేసి, "నెలకు 1,400 మిగులుతుందన్నమాట" అన్నారు. ఇలాంటి కాకిలెక్కలు నేను వారానికి ఒకటైనా వింటాను.

కాగితం తీసుకుని రాశాను. రుణం 1,037. ఇంటిపన్ను 560. అద్దె ఇళ్ల బీమా 160. హెచ్‌ఓఏ 250. చూసుకునే మేనేజరుకు 8 శాతం, 196. ఇవి పోగా 247. ఏడాదిలో రెండు మూడు వారాలు ఖాళీగా ఉంటుందని నెలకు 122, మరమ్మతులకు 150 పక్కన పెడితే, మైనస్ 25. ఆయన కాగితాన్ని తిప్పి చూశారు, వెనక ఇంకేమైనా రాసి ఉందేమోనని.

అంతా అయ్యాక చేతికొచ్చేది సున్నా. అయినా ఉంచమనే చెప్పాను, ఎందుకంటే ఆ 1,037లో సుమారు 470 డాలర్లు అసలులోకి పోతున్నాయి. అద్దెదారు వారి అప్పు తీరుస్తున్నారు. అదీ వడ్డీ పుణ్యమే. 2019 నాటి రుణమే ఉండి ఉంటే నెలకు మూడు వందలు ఎదురు పెట్టాలి. ఇదే ఇంటిని 2023 చివరలో 7 శాతం పైబడిన వడ్డీకి కొని ఇదే పని చేద్దామని వచ్చిన మరో ముగ్గురికి వద్దని చెప్పాను. ఇద్దరు కొన్నారు, ఇప్పుడు జీతం నుంచి నెలనెలా ఎదురు పోస్తున్నారు. ఇవాళ హెచ్‌-1బీ వారికి దారి ఇంకా ఇరుకు: 2025 మే 25 నుంచి ప్రభుత్వ హామీతో వచ్చే తక్కువ డౌన్ పేమెంటు ఎఫ్‌హెచ్‌ఏ రుణాలు శాశ్వత నివాసం లేనివారికి ఇవ్వడం లేదు. మామూలు రుణాలే దిక్కు.

పై లెక్కలో 560 అని రాసిన ఇంటిపన్ను దగ్గర కాస్త ఆగాలి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ లోటులో చాలా భాగం ఇంటి మీద పడుతుంది. సొంతంగా నివసించే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటుంది. 2023లో ఇంటిపన్నులో స్థానిక బడులకు వెళ్లే భాగం లెక్కకు విలువలోంచి లక్ష డాలర్లు తగ్గించారు (ఇప్పుడది 1,40,000). పైగా పన్ను వేసే విలువ ఏడాదికి పది శాతం మించి పెరగకూడదు. ఇల్లు అద్దెకిచ్చిన మరుసటి జనవరి నుంచి ఈ రెండూ పోతాయి. వీరి ఇంటికి 2023లో పన్ను వేసిన విలువ 3,63,000, పన్ను 5,070. 2024లో మినహాయింపు లేదు, విలువ 4,12,000 అంటూ కౌంటీ మదింపు కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. మే 15 గడువులోగా అభ్యంతరం పెట్టి, పక్క ఇళ్ల అమ్మకాల ధరలు, పునాది ఫొటోలు చూపి 3,95,000కు దింపాం. అయినా పన్ను 6,715 అయింది. నెలకు 137 ఎక్కువ.

ఈ పెరుగుదల వస్తుందని వారికి ముందే చెప్పాను. ఎలా వస్తుందో చెప్పడం మరిచాను, ఆ తప్పు నాది. పన్నును బ్యాంకు ఎస్క్రో ఖాతా నుంచి, అంటే కిస్తీతో పాటు నెలనెలా మన దగ్గర వసూలు చేసి దాచిన సొమ్ములోంచి, కడుతుంది. 2024 అంతా పాత లెక్క ప్రకారమే నెలనెలా వసూలు చేసి, డిసెంబరులో కొత్త పన్ను కట్టి, 2025 మొదట్లో ఉత్తరం పంపింది. ఇకపై నెలకు 137 అదనం, గతేడాది తరుగు తీర్చడానికి పన్నెండు నెలలపాటు ఇంకో 137. ఒక్కసారిగా 274 పెరిగింది. రాత్రి తొమ్మిదిన్నరకు ఆమె ఫోను: "అన్నయ్యగారూ, బ్యాంకువాళ్లు రెండుసార్లు వసూలు చేస్తున్నారు." చేయడం లేదమ్మా అని చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది.

మొదటి అద్దెదారును వెతికేటప్పుడు ఇంకో చిక్కు. ఆయన తన వాట్సాప్ గ్రూపులో పెట్టబోయే ప్రకటన ముందుగా నాకు పంపడం మంచిదైంది. "తెలుగు శాకాహార కుటుంబానికి మాత్రమే, పిల్లలు లేకపోతే మేలు." ఒక్క వాక్యంలో రెండు ఉల్లంఘనలు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం, పిల్లలున్న కుటుంబం, వైకల్యం, ఈ ఏడింటిలో దేని ఆధారంగానూ అద్దె నిరాకరించరాదు. ప్రకటనలో అలాంటి ఇష్టం తెలపడమే తప్పు. తెలుగువారికే అనడం పుట్టిన దేశం కిందికి వస్తుందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే నెగ్గగలరు. "మన గ్రూపే కదా, బయటివారు ఎవరు చూస్తారు?" అన్నారాయన. గ్రూపులో ఉన్న నాలుగు వందల మందిలో ఒకరు చాలు అన్నాను. ఆదాయం అద్దెకు మూడు రెట్లు, క్రెడిట్ స్కోరు, పాత యజమాని మాట, ఈ మూడే కొలమానాలుగా అందరికీ ఒకేలా పెట్టాం. ముందుగా అర్హత తేలినవారు ఇద్దరు పిల్లలున్న ఫిలిప్పీన్స్ నర్సు. చేపలు వేయించే కుటుంబం. ఈనాటికీ ఒక్క నెల అద్దె ఆలస్యం కాలేదు.

మేనేజరును పెట్టుకోవడం కూడా ఊరికే కాదు. అద్దె రాబడి తీసుకోవడానికి హెచ్‌-1బీ అడ్డు రాదు కానీ, ఇల్లు నడిపే పనిని తామే ఉద్యోగంలా చేస్తే ప్రశ్నలు రావచ్చని వారి వలసల లాయరు చెప్పారు. 196 డాలర్లకు నిద్ర కొనుక్కున్నట్టు.

2024 ఆగస్టు రెండో వారం, బయట 103 డిగ్రీల ఫారెన్‌హీట్. ఏసీ ఆగింది. మెకానిక్ పైకెక్కి చూసి కాయిల్ లీకవుతోందన్నాడు, ఆర్‌-22 కనుక నింపడం దండగన్నాడు. లోపలిదీ బయటిదీ కలిపి కొత్తది 9,200 డాలర్లు. నెలకు 150 చొప్పున పక్కన పెట్టిన నిధిలో అప్పటికి ఉన్నది 1,950. అద్దెదారు పిల్లలను మేనేజరు మూడు రాత్రులు హోటల్లో ఉంచాడు, ఆ ఖర్చు వేరే. 2019లో ఆ 1,500ను పక్కన పెట్టి, ఏటా మరో వెయ్యి కలిపి ఉంటే సగం పైగా అక్కడే ఉండేది. సోఫాల సంగతి నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తారు.

పోనీ ఆ ఖర్చును ఆ ఏడాది పన్నులోనైనా తగ్గించుకోవచ్చా అంటే అదీ లేదు. అద్దె ఇంటి ఏసీ ఇంటిలో భాగమే, ఇంటితో పాటే ఇరవై ఏడున్నరేళ్లలో తరుగుదలగా రాయాలి. ఏడాదికి 335 డాలర్లు. ఇల్లు మొత్తానికి, స్థలం విలువ 70,000 తీసేయగా, తరుగుదల ఏటా 7,800 దాకా వస్తుంది. అందువల్ల కాగితం మీద ఈ ఇల్లు ఏటా రెండు వేల పైచిలుకు నష్టం చూపుతుంది. ఆదాయం లక్షన్నర దాటిన దంపతులకు ఆ నష్టం జీతంలోంచి తగ్గదు, ఇల్లు అమ్మేదాకా మూట కట్టి ఉంటుంది. అద్దె ఇల్లు పన్ను తగ్గిస్తుందని పార్టీల్లో చెప్పేవారు ఈ మాట చెప్పరు.

ఇక లీజుకు సంఘం పెట్టిన పన్నెండు నెలల షరతు. దాని చిక్కు తెలియాలంటే ముందు ఒక పన్ను నియమం చెప్పాలి. అమ్మే రోజుకు ముందు అయిదేళ్లలో రెండేళ్లు సొంతంగా నివసించి ఉంటే, దంపతులకు అయిదు లక్షల డాలర్ల దాకా లాభంపై పన్ను లేదు. వీరు 2023 జూన్ 30న ఖాళీ చేశారు కనుక 2026 జూన్ 30లోగా అమ్మకం పూర్తి కావాలి. ఇప్పుడు అమ్మితే 3,85,000 రావచ్చు. గత ఏడాది మా ప్రాంతంలో ధరలు కాస్త మెత్తబడ్డాయి. ఖర్చులు పోగా లాభం సుమారు 63,000. గడువు దాటితే దానిపై 15 శాతం, అంటే 9,450. ఆదాయం రెండున్నర లక్షలు దాటిన ఏడాదైతే మరో 3.8 శాతం. తరుగుదలగా రాసుకున్న మొత్తంపై 25 శాతం దాకా పన్ను మాత్రం ఎప్పుడు అమ్మినా తప్పదు.

లీజు 2023 జులై 15న మొదలైంది. 2025లో మళ్లీ ఏడాదికి పొడిగిస్తే 2026 జులై 14 దాకా సాగుతుంది, గడువు దాటి రెండు వారాలు. పదకొండు నెలలకు రాద్దామంటే సంఘం ఒప్పుకోదు. పొడిగింపు కాగితం సంతకానికి పంపే ముందు రోజు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తేగాని నాకు ఇది తట్టలేదు. చివరికి లీజు పన్నెండు నెలలకే రాసి, అందులో ఒక నిబంధన చేర్చాం: ఇల్లు అమ్మదలిస్తే 2026 ఫిబ్రవరి తర్వాత అరవై రోజుల ముందు చెప్పి లీజు ముగించవచ్చు, అందుకు అద్దెదారుకు ఒక నెల అద్దె తిరిగి ఇవ్వాలి. నర్సు దాన్ని రెండుసార్లు చదివి, అద్దె పెంచకపోతే సంతకం పెడతానంది. పెంచలేదు.

అమ్మాలా ఉంచాలా అని జనవరిలో మళ్లీ అదే వంటబల్ల దగ్గర కూర్చున్నాం. 2.875 శాతం రుణాన్ని వదులుకోవడం ఆయనకు ప్రాణం మీదికొచ్చింది. ఆమె మాత్రం ఇంకో లెక్క తెచ్చారు: ఎప్పుడైనా ఇండియాకు తిరిగి వెళితే, ఇక్కడ పన్ను దృష్టిలో విదేశీయులయ్యాక ఇల్లు అమ్మితే, అమ్మకం ధరలో సాధారణంగా 15 శాతం ముందే పట్టి ఉంచుతారు, తర్వాత రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. విజయవాడలోని పెద్దాయనకు ఒంట్లో బాగుండటం లేదు, వెళ్లే మాట ఇంట్లో తరచుగా వస్తోందట. అమ్మడానికే నిర్ణయించారు.

ఈ నెల మొదటి వారంలో నర్సుకు నోటీసు ఇవ్వడానికి నేనే వెళ్లాను. పునాది పక్కన రబ్బరు గొట్టం సక్రమంగా పరిచి ఉంది, మెట్ల కింది గది తలుపు గొళ్లెం పడుతోంది. కాగితం చదివి, ఎంతకు అమ్ముతున్నారని అడిగింది. ధర చెప్పాను. కొనదలిస్తే తన తరఫున వేరే ఏజెంటును పెట్టుకోమని, నేను యజమాని మనిషినని కూడా చెప్పాను. తలూపి, హెచ్‌ఓఏ కాగితాలు ఇప్పుడే పంపగలరా, కొన్నాళ్లు ఉండి తర్వాత అద్దెకివ్వవచ్చో లేదో చూసుకోవాలి అంది. కారులో కూర్చునే పంపాను.